తోట అమ్మి ఎడారిలో బంగారం వెతుకుతానంటున్నారు

రాజోలు వైపు ఊరి నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరంలోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు 38 ఏళ్ళు. భర్త సౌదీలో 14 ఏళ్ళు డ్రైవరుగా చేసి పోయినేడాది ఇంటికి వచ్చేశారు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, చిన్నది ఎనిమిదో తరగతి. ఆయన మంచి మనిషి. తాగుడు లేదు, డబ్బు పంపడంలో ఏ నెలా తేడా రాలేదు. ఆ డబ్బుతోనే డాబా వేసుకున్నారు, ఆడపడుచు పెళ్ళి చేశారు. అయితే అక్కడున్న చివరి నాలుగేళ్ళూ చలికాలంలో శుక్రవారం సెలవు దొరికితే ఇద్దరు సూడాన్ స్నేహితులతో ఎడారిలోకి వెళ్ళి, వాళ్ళ మెటల్ డిటెక్టర్‌తో బంగారం వెతికేవారట. ఆ సంగతి ఆమెకు అప్పుడు తెలియదు. వచ్చిన వారానికి, పిల్లలు పడుకున్నాక, రుమాలు విప్పి కందిబద్దకన్నా పెద్ద ముక్క ఒకటి చూపించారు. రాజోలులో తెలిసిన కంసాలి తూచి నాలుగు గ్రాముల పైచిలుకు ఉందని, బంగారమేనని చెప్పాడు. "ఆ రాత్రి ఆయన మొహంలో ఉన్న సంతోషం మా పెళ్ళిలో కూడా చూళ్ళేదండి" అని రాశారు.

ఇప్పుడు ఆయనకు వేరే ధ్యాస లేదు. పగలంతా ఫోనులో బంగారం వెతికే ఆస్ట్రేలియా వాళ్ళ వీడియోలు. సాయంత్రమైతే ఎక్కడో కొన్న పాత డిటెక్టర్ పట్టుకుని అంతర్వేది బీచికి. రూపాయి బిళ్ళలు, సీసా మూతలు తెస్తుంటారు, ఒకసారి వెండి పట్టీ దొరికింది. పాలకొల్లు స్నేహితుడు ఒకతను రెండున్నర లక్షలకు సౌదీకి 'ఫ్రీ వీసా' ఇప్పిస్తానన్నాడు. ఆరు లక్షలు పెట్టి మంచి మెషీన్ కొనుక్కుని వెళ్తే రెండేళ్ళలో కష్టాలు గట్టెక్కుతాయని ఈయన నమ్మకం. అందుకోసం 40 సెంట్ల కొబ్బరితోట అమ్ముదామంటున్నారు, 18 లక్షలకు బేరం కూడా వచ్చింది. ఆ తోట పుట్టింటివారు ఆమెకు పసుపు కుంకుమ కింద రాసిచ్చింది, ఆమె పేరు మీదే ఉంది. కాదంటే, "ఉప్పాడలో జనం ఇసకలో ఏరుకోవట్లేదా, జొన్నగిరి పొలాల్లో వజ్రాలు దొరకట్లేదా" అంటారు.

సంతకం పెడితే మా గుమ్మం ఎక్కొద్దని తమ్ముడు. మగవాడు బయల్దేరితే అడ్డం పడకూడదని అత్తగారు. ఆయన మాత్రం అరవరు. "నీ ఇష్టం" అనేసి మేడ మీదకెళ్ళి పడుకుంటున్నారు.

ఆమె అడిగినవి మూడు. సంతకం పెట్టాలా వద్దా? ఆ ముక్క చూశాక నాకూ ఆశ పుట్టింది, అది తప్పా? పెద్దమ్మాయికి ఈ సంగతి చెప్పాలా? ఉత్తరం చివర పేజీ అంచున చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది. "చీటీ డబ్బు లక్షన్నర నా దగ్గరుంది. ఆయనకు చెప్పలేదు."

*

అమ్మా, రెండో ప్రశ్న తేలిక కాబట్టి ముందు దానికి జవాబు చెప్తాను. తప్పు కాదు. కొట్లో కొన్నది కాదు, నేలలోంచి తీసిన బంగారం. తెచ్చి మీ అరచేతిలో పెట్టారు. ఆశ పుట్టకపోతేనే ఆశ్చర్యం. మీ ఊళ్ళో ఎవరో ఒకరు "ఎడారిలో బంగారమేంటి, ఎవడో టోపీ పెట్టుంటాడు" అనే ఉంటారు. ఆ మాట పట్టుకుని మీ ఆయనతో వాదించకండి, ఓడిపోతారు. ఆయన చెప్పేదాంట్లో నిజం ఉంది. ఎంతవరకు నిజమో తెలిస్తేనే మిగతాది మాట్లాడగలరు. అందుకే ఈ పని ఎలా జరుగుతుందో కాస్త వివరంగా రాస్తున్నాను.

సౌదీ పడమటి భాగంలో, ఎర్ర సముద్రం వైపు, చాలా పాత రాతినేల ఉంది. ఆ రాళ్ళలో పలుగురాయి చారలుంటాయి, కొన్ని చారల్లో బంగారం ఉంటుంది. మదీనా ప్రాంతంలోని మహ్ద్ అల్ దహబ్ గనిలో వేల ఏళ్ళ కిందటే తవ్వారు, ఈ కాలంలో మళ్ళీ తెరిచారు. ఎండకూ గాలికీ ఎప్పుడో ఒకసారి వచ్చే వరదకూ పైరాయి పగిలి కొట్టుకుపోతుంది. బంగారం నీటికంటే 19 రెట్లు బరువు. అది పోదు, అక్కడే చిన్న లోతులో, ఎండిన వాగుల అడుగున మిగిలిపోతుంది. మీవారు వెతికింది దాన్నే.

ఇక మెషీన్. కింద గుండ్రంగా ఉండే కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. కింద లోహం ఉంటే దాంట్లో చిన్న కరెంటు పుట్టి తిరిగి సంకేతం ఇస్తుంది, అది హెడ్‌ఫోన్స్‌లో చప్పుడుగా వినిపిస్తుంది. ఇది బంగారం, ఇది సీసం అని తేల్చి చెప్పే డిటెక్టర్ లేదు. మేకు, తూటా తొడుగు, కూల్‌డ్రింక్ డబ్బా మూత, అన్నీ మోగుతాయి. ఇనుము ఎక్కువున్న రాళ్ళు కూడా మోగుతాయి. నిజమైన బంగారు ముక్క అర గ్రాముదైతే కొన్ని అంగుళాల లోతు వరకే పట్టుకుంటుంది, పెద్ద ముక్కయితే అడుగు దాటి కూడా పట్టవచ్చు. పల్స్ ఇండక్షన్ అనే రకం మెషీన్లు ఇనుప నేలలో బాగా పనిచేస్తాయి, మీవారు చెప్పిన ఆరు లక్షల ధర వాటిదే అయ్యుంటుంది. ధర అబద్ధం కాదు. అంతర్వేదిలో ఆయన వాడుతున్న పాతది ఆ రకం కాకపోతే, అలల దగ్గర తడి ఇసకలో ఊరికే గోల చేస్తుండొచ్చు. ఉప్పునీటికీ మన తీరంలో ఉండే నల్ల ఇసకకూ చిన్న మెషీన్లు తికమకపడతాయి. ఈ కబురు ఆయనతో అనండి. ఏడాదిగా ఇంట్లో ఎవరూ ఆయన్ను ఆ మెషీన్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడిగి ఉండరు.

వీడియోల సంగతి కూడా నిజమే. 1980లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, కింగోవర్ దగ్గర ఒకాయనకు డిటెక్టర్‌తో 27 కిలోల ముద్ద దొరికింది. దాని తర్వాత ఇన్నేళ్ళలో, ఇంతకింత మెరుగైన మెషీన్లు వచ్చాక కూడా, డిటెక్టర్‌తో అంతకన్నా పెద్దది ఎవరికీ దొరకలేదు. ఈ రెండో సంగతి మాత్రం వీడియోల్లో చెప్పరు.

ఆయన అంత నమ్మకంతో ఉన్నారు కాబట్టి ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. కిలోమీటరు దూరం నుంచే బంగారం ఎటుందో చూపిస్తుందని, రెండు కడ్డీలు ఊగుతాయని, 'లాంగ్ రేంజ్ లొకేటర్' పేరుతో లక్షలకు అమ్మే పరికరాలు ఇంటర్నెట్లో ఉన్నాయి. అవి పచ్చి మోసం. ఇలాంటి ఊగే కడ్డీ పరికరాన్నే బాంబులు కనిపెడుతుందని ఇరాక్ ప్రభుత్వానికి అమ్మిన బ్రిటన్ వ్యాపారికి 2013లో పదేళ్ళ జైలు పడింది. ఒక దేశం పోలీసులే మోసపోయారు, మనమెంత. మీవారు కొంటానన్న మెషీన్ ఏ రకమో పేరుతో సహా కాగితం మీద రాయించుకోండి.

ఇప్పుడు లెక్క. నాలుగేళ్ళలో తన వాటాకు మొత్తం ముప్పై గ్రాముల దాకా వచ్చిందని, చాలావరకు అక్కడే అమ్మేశానని ఆయన చెప్పినట్టు మీరు రాశారు. ఆ మాటే నమ్ముదాం. లెక్క సులువుగా ఉండటానికి గ్రాము పదివేలు అనుకోండి. నేలలో దొరికే ముక్క నూటికి నూరుపాళ్ళు మేలిమి ఉండదు, వెండి కలిసి ఉంటుంది, కంసాలి కోత కోస్తాడు, అది కూడా వదిలేద్దాం. నాలుగేళ్ళకు మూడు లక్షలు. అంటే ఏడాదికి డెబ్బై అయిదు వేలు. మెషీన్, వీసా కలిపి ఎనిమిదిన్నర లక్షలు. ఇదే వేగంతో వెళ్తే పెట్టిన డబ్బు వెనక్కి రావడానికే పదకొండేళ్ళు దాటుతుంది. సొంత మెషీన్ ఉంటే వాటా పెరుగుతుందంటారు, సబబే. రెట్టింపు అనుకున్నా అయిదారేళ్ళు. తిండి, గది, పెట్రోలు ఇందులో వేయలేదు. పైగా ఆ నాలుగేళ్ళూ ఆయనకు డ్రైవరు జీతం వస్తుండేది, బంగారం పైడబ్బు. ఇప్పుడు జీతం స్థానంలో దీన్ని పెడుతున్నారు. ఈ లెక్క మీరు చెప్పకుండా ఆయన చేతే వేయించండి. నాలుగేళ్ళలో ఎన్ని శుక్రవారాలు ఒట్టి చేతులతో వచ్చారో అడగండి. ఆయన నిజం చెప్పే మనిషిలాగే ఉన్నారు.

లెక్కకన్నా నాకు భయమేసింది వీసా. ఫ్రీ వీసా అంటే పేరుకు ఒక కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఉంటాడు, పని ఇంకెక్కడో చేసుకోవాలి. సౌదీ చట్టంలో అది నేరం. ఆ కఫీల్‌కు కోపమొచ్చి హురూబ్ అనే ఫిర్యాదు పెడితే మీవారు పారిపోయిన మనిషి కింద లెక్క, పట్టుకుంటే జైలు, తర్వాత ఇంటికి పంపేయడం. పద్నాలుగేళ్ళు అక్కడున్న మనిషికి ఇది నేను చెప్పాలా? మీరు అడిగితే ఆయనే మీకు నాలుగు కథలు చెప్తారు. ఇంకో సంగతి ఆయనకు తెలియకపోవచ్చు. మన దేశంలో రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు మనిషి దగ్గర 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. ఏజెంటు పేరు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. రెండున్నర లక్షలంటున్నాడంటేనే ఆ స్నేహితుడి దారి వేరని అర్థం.

నేలలోని ఖనిజం సౌదీలో ప్రభుత్వానిది. లైసెన్సు లేకుండా వెతకడం, తవ్వడం శిక్షపడే పని. 2021 నుంచి అమలవుతున్న కొత్త గనుల చట్టం వచ్చాక దీని మీద ఇంకా గట్టిగా ఉన్నారు. ఇంతకుముందు ఎవరి కంటా పడలేదు, అది ఆయన అదృష్టం. ఈసారి ఆరు లక్షల మెషీన్‌తో ఎయిర్‌పోర్టులో దిగి, అదేంటని అడిగితే ఏం చెప్తారు? ఆ సూడాన్ స్నేహితులు తర్వాత తమ దేశం తీసుకెళ్తామన్నారని కూడా రాశారు. అక్కడ బంగారం ఉన్న మాట నిజం, వేలమంది ఇదే మెషీన్లతో ఎడారిలో వెతుకుతున్న మాటా నిజం. కానీ 2023 ఏప్రిల్ నుంచి అక్కడ యుద్ధం. ఆ దారి గురించి మాట్లాడుకోనవసరం లేదు.

ఎడారి సంగతి ఆయనకు మనకంటే తెలుసు. అయినా 2024 ఆగస్టులో మన తెలుగు కుర్రాడొకడు, అతనితో ఉన్న సూడాన్ మనిషి సౌదీలోని రుబ్ అల్ ఖాలీ ఎడారిలో దారితప్పి, పెట్రోలూ నీళ్ళూ ఫోను చార్జింగూ అన్నీ అయిపోయి చనిపోయారు. వాళ్ళు బంగారం కోసం వెళ్ళినవాళ్ళు కాదు, పని మీద వెళ్ళినవాళ్ళు. కంపెనీ పంపిన మనుషులకే అలా అయితే, ఎవరికీ చెప్పకుండా దొంగచాటుగా వెళ్ళే బండి ఆగిపోతే వెతికేదెవరు?

ఉప్పాడ, జొన్నగిరి మాట. తుఫాను వచ్చి వెళ్ళాక ఉప్పాడ ఒడ్డున జనం బంగారు రవ్వలు ఏరుకోవడం నిజమే, 2020లో నివర్ తుఫానప్పుడూ ఏరారు. కానీ అది భూమిలో పుట్టింది కాదు, సముద్రం కోసుకుపోయిన పాత ఇళ్ళలో, గుళ్ళలో ఉన్నదని అక్కడివాళ్ళే చెప్తారు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం జనం వెతకడమూ నిజమే. ఆ రెండు చోట్లా వెళ్ళేవాళ్ళు ఏం పెట్టుబడి పెడుతున్నారో చూడమనండి. బస్సు చార్జీ, అన్నం క్యారేజీ, ఎండలో కళ్ళు. దొరక్కపోతే ఇంటికెళ్ళి మర్నాడు కూలికి పోతారు. తోట అమ్ముకుని ఎవరూ రారు. ఇక మన గోదావరి దిగువనంటారా, ధవళేశ్వరం దాటాక ఉన్నదంతా నది తెచ్చి పోసిన ఒండ్రు. ఏ ముక్కా ఇంత దూరం దొర్లుకుంటూ రాదు. ఇక్కడ ఆయనకు దొరికేది ఎవరో పోగొట్టుకున్నదే.

ఇంతవరకు బంగారం గురించి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆపింది వేరే వాక్యం. "ఆయన ఇంట్లో ఉంటే చుట్టం వచ్చినట్టుంది, ఏ వస్తువు ఎక్కడుందో ఇంకా నన్నే అడుగుతారు" అని రాశారు. పద్నాలుగేళ్ళలో ఇల్లు నడపడం మీరు నేర్చుకున్నారు. కొబ్బరికాయలు దింపే మనిషిని పిలవడం, కాయల లెక్క, అంబాజీపేట మార్కెట్టు రేటు వాకబు చేయడం, తెల్లదోమ పడితే ఎవర్నడగాలో, స్కూలు మీటింగు, గ్యాసు, అత్తగారి షుగరు మందులు, అన్నీ మీ చేతి మీదుగానే నడుస్తున్నాయి. ఆయన వచ్చేసరికి చేయడానికి పని మిగల్లేదు. వీధిలోకి వెళ్తే "ఏమండీ, మళ్ళీ ఎప్పుడు ప్రయాణం?" అని అడుగుతారు. మన వైపు గల్ఫు నుంచి వచ్చిన మనిషిని పలకరించే మాటే అది. అడిగేవాళ్ళకు చెడు ఉద్దేశం ఉండదు కానీ, వినేవాడికి ఇక్కడ నీకేం పని అన్నట్టే ఉంటుంది.

ఆ నాలుగేళ్ళ శుక్రవారాలు ఆయనకు ఏమై ఉంటాయో ఆలోచించండి. వారంలో ఆరు రోజులు ఎవరో పిలిస్తే బండి తీయాలి, ఎవరో ఆపమంటే ఆపాలి. ఆ ఒక్క రోజు తన చెవి, తన చెయ్యి, తన ఓపిక. దొరికింది తనది. మీకు ఆ ముక్క చూపించిన రాత్రి ఆయన సంతోషం నాలుగు గ్రాములకే వచ్చిందని నేననుకోను. మీరు తోట విషయంలో కాదంటే ఆయనకు అది తోట గురించి వినిపించదు. నువ్వు కనిపెట్టిన ఒక్క పనీ పనికిరాదు అన్నట్టు వినిపిస్తుంది. మేడ మీద పడుకోవడం అందుకే అయ్యుండొచ్చు. కాబట్టి తోట మీద మాట, మనిషి మీద మాట కలిసిపోకుండా చూసుకోవాలి. కష్టమే, ఎందుకంటే మీ అత్తగారూ తమ్ముడూ ఈపాటికే రెండూ కలిపేశారు.

సంతకం సంగతికొద్దాం. పుట్టింటివారు మీ పేరున రాసిచ్చిన ఆస్తి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం పూర్తిగా మీది. అమ్మడానికి మీ సంతకం కావాలి, ఇంకెవరి సంతకమూ చాలదు. అమ్మకుండా ఉండటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తమ్ముడు బెదిరించాడని కూడా కాదనకండి, అత్తగారు అన్నారని ఔననకండి.

పెట్టాలనే మీకనిపిస్తే ఏం జరుగుతుంది? ఆయన ఆనందంగా వెళ్తారు, ఏడాదో రెండేళ్ళో ఇంట్లో గొడవ ఉండదు. పాతిక ముప్పై చెట్ల మీద దింపు దింపుకీ వచ్చే డబ్బు, ఎంత తక్కువైనా మీ చేతికే వచ్చేది, ఆగిపోతుంది. బంగారం దొరక్కపోయినా, పట్టుబడినా ఆయన తోట అమ్మించిన భర్తగా తిరిగొస్తారు, ఆ బరువు మీ ఇద్దరి మధ్యా ఉంటుంది. దొరికితే? అప్పుడూ ఇంటికి తేవడం ఒక సమస్య. ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చిన మగవారికి 20 గ్రాములు, ఆడవారికి 40 గ్రాముల సుంకం మినహాయింపు ఉన్నది నగలకు మాత్రమే, ముడి ముక్కలకు కాదు. రుమాల్లో కట్టుకు రావడం ఒకసారి జరిగిపోయింది. ఇంకోసారి వద్దని గట్టిగా చెప్పండి.

ససేమిరా అంటే? తోట నిలుస్తుంది. కానీ ఆయన ఫైనాన్సులో అప్పు తీసుకుని వెళ్ళే ప్రమాదం ఉంది, మన వైపు వీసా కోసం నూటికి మూడు వడ్డీకి తెచ్చినవాళ్ళు ఎందరో మీకే తెలుసు. అందుకే ఒట్టి 'వద్దు'తో ఆపకండి. దేనికి ఔనంటారో కూడా అదే పూట చెప్పాలి.

ఔనడానికి చాలానే ఉన్నాయి. ఆయనకు మళ్ళీ గల్ఫు వెళ్ళాలనే ఉంటే డ్రైవరుగా, రిజిస్టరైన ఏజెంటు ద్వారా, జీతం రాసిన కాంట్రాక్టుతో వెళ్ళొచ్చు. ఆయన పాస్‌పోర్టు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి విదేశం వెళ్ళడానికి ప్రభుత్వ అనుమతి, కావలసిన రకమైతే ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉంటుంది, ప్రమాదంలో ఏమైనా అయితే 10 లక్షలు. పిల్లల చదువులకు అదే అన్నిటికన్నా గట్టి దారి. కానీ ఇంకో పదేళ్ళు మీరు ఒంటరిగా ఉండాలి, చిన్నమ్మాయికి నాన్న ఫోనులోనే మిగులుతారు. అది మీకిష్టమేనా? మీ ఉత్తరంలో ఎక్కడా ఆయన వెళ్ళాలని రాయలేదు. ఉండాలని కూడా రాయలేదు. దీనికి జవాబు ముందు మీలో మీరు తేల్చుకోండి, ఎందుకంటే ఆయన మిమ్మల్ని అడగబోయే అసలు ప్రశ్న ఇదే.

ఇక్కడే ఉంటే, హెవీ లైసెన్సుతో పద్నాలుగేళ్ళ అనుభవం ఉన్న డ్రైవరుకు స్కూలు బస్సు, రొయ్యల కంపెనీ వ్యాను, ఏదో ఒకటి దొరుకుతుంది. సౌదీ జీతం రాదు. తోట పని ఆయనకు అప్పగించడం ఇంకో దారి. సలహాకు పిలవడం కాదు, నిజంగా వదిలేయడం. కాయ ఎవరికి అమ్మాలో, మధ్యలో అరటి వేయాలో కోకో వేయాలో ఆయనే చూసుకోనివ్వండి. మొదటి రెండు దింపుల్లో మీకంటే తక్కువ రేటుకు అమ్ముతారు. మీరు నోరు మూసుకోవాలి. అది మీకు సంతకం పెట్టడం కన్నా కష్టమేమో.

ఇక వెతుకులాట. దాన్ని మాన్పించాలని చూడకండి. సరదాగా ఉండనివ్వండి, దానికో హద్దు పెట్టుకోండి. ఏడాదికి ఇంత అని, అది దాటితే లేదని. అంతర్వేదిలో పగటిపూటే వెళ్ళమనండి. గుడి దగ్గరా పాత కట్టడాల దగ్గరా చీకట్లో మెషీన్‌తో కనిపిస్తే గుప్తనిధుల ముఠా అనుకుని ఊరు ఊరంతా మీద పడుతుంది, వాళ్ళ తప్పూ ఉండదు. పాతిపెట్టిన నిధిలాంటిది ఏదైనా తగిలితే, దాని విలువ పది రూపాయలు దాటితే చాలు, 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. దాస్తే జైలు. ఎవరో పోగొట్టుకున్న ఉంగరం దొరికితే ఠాణాలో ఇవ్వాలి. ఆ వెండి పట్టీ కూడా ఏ పసిపిల్లదో, ఇచ్చేస్తే మీ వీధిలో ఆయన పేరు మారుతుంది.

నిజంగా ఎడారిలో బంగారం వెతకాలన్న కోరిక తీరాల్సిందేనంటే చట్టబద్ధమైన చోటు లేకపోలేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో మైనర్స్ రైట్ అనే పత్రం ఎవరైనా కొనుక్కోవచ్చు. అది ఉంటే ఎవరి కింద లేని ప్రభుత్వ భూముల్లో డిటెక్టర్‌తో వెతకొచ్చు, దొరికింది ఉంచుకోవచ్చు. వేరొకరి లీజు ఉన్నచోట వాళ్ళ అనుమతి కావాలి. అక్కడి కల్గూర్లీ ఊరి చుట్టూ అలా వెతికే రిటైరైన మనుషులు చాలామందే. విజిట్ వీసా మీద దాన్ని సంపాదన చేసుకోకూడదు, ఖర్చే తప్ప లాభం చూడకూడదు. పిల్లలు ఒక దారిన పడ్డాక, ఆయన కూడబెట్టిన డబ్బుతో ఒకసారి వెళ్ళొస్తానంటే అది యాత్ర లాంటిది. అప్పుడు మీరూ వెళ్ళండి.

ఆ చీటీ డబ్బు గురించి మీరు నన్నేమీ అడగలేదు. అయినా రాశారంటే మనసులో ఉంది. ఆయన నాలుగేళ్ళు బంగారం దాచారు, మీరు లక్షన్నర దాచారు. ఈ మాటలన్నీ మొదలుపెట్టే ముందు మీదే చెప్పేయండి. లేకపోతే తోట గురించి మాట్లాడుతుండగా అది బయటపడితే మీ మాటకు విలువ పోతుంది. చెప్పేటప్పుడే అది దేనికో కూడా చెప్పండి. పెద్దమ్మాయి ఈఏపీసెట్ రాసి కాలేజీలో చేరేటప్పటికి కావాలి అనుకుంటే ఆ మాటే అనండి. లేకపోతే మెషీన్‌కు అడ్వాన్సు అవుతుంది. ఈ మాటలు జరుగుతున్న రోజుల్లో ఎవరైనా స్టాంపు కాగితమో పవర్ ఆఫ్ అటార్నీయో తెచ్చి "ఊరికే, లోను కోసం" అంటే, ఎవరి ముందైనా సరే, అక్కడికక్కడ సంతకం చేయకండి. రాజోలులో వకీలుకు చూపించాకే.

పెద్దమ్మాయికి చెప్పాలా అన్నారు. చెప్పండి. నాన్న మేడ మీద ఎందుకు పడుకుంటున్నారో ఆ వయసు పిల్లకు తెలియదనుకోవద్దు, కారణమే తెలియక ఇంకేదో ఊహించుకుంటుంది. తోట ఉంటుందో పోతుందో, తన ఫీజు ఎక్కడి నుంచి వస్తుందో ఆమెకు ముందే తెలియాలి, ఏ కాలేజీకి ఆప్షన్ పెట్టుకోవాలన్నది దాని మీదే ఉంటుంది. కాకపోతే మీరొక్కరే వంటింట్లో కూర్చోబెట్టి చెబితే నాన్న మీద ఫిర్యాదు అవుతుంది. మీ ఇద్దరి మధ్యా మాట ఒక కొలిక్కి వచ్చాక, ఆయన్నే చెప్పమనండి. ఆ ముక్క ఎలా దొరికిందో కూడా ఆయన నోటితోనే విననివ్వండి.